కూర్మనాథం వేసిన తాళం

సోమయాజిగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. కొండ కింద వ్యాయామ విద్య నేర్పే ఆ గురువు, శిష్యులు ఏమడిగినా లేచి ఏదో ఒక పనిలోకి దింపేవారు. ఆ పద్ధతి మీదే శిష్యుడు కూర్మనాథానికి ఒళ్లు మండింది.

"మనం పీల్చే ప్రాణవాయువులో కొంత ఒంట్లో నిప్పురవ్వల్లాంటి కణాలుగా మారుతుందట. అవి లోపలంతా తుప్పు పట్టిస్తాయట. ముసలితనంలో చాలా భాగం అదేనట. రొప్పేకొద్దీ అవి పెరుగుతాయి. మరి మీరు మాకు నేర్పేది వ్యాయామమా, వార్ధక్యమా?" అని నిలదీశాడు. తాను కసరత్తు మానేశాననీ, అరవై దాటిన తన తోడబుట్టిన అప్ప గున్నమ్మ చేత కూడా పొద్దుటి నడక మాన్పించి వీధి గేటుకు తాళం వేశాననీ చెప్పాడు.

గురువుగారి ముఖం ఎర్రబడింది. "తాళమా!" అన్నారొక్కటే. తిన్నగా వాళ్లింటికి నడిచారు.

వానాకాలంలో కొండ సగం దాకా ఎక్కి వచ్చిన గున్నమ్మ ఇప్పుడు గోడ పట్టుకుంటే గాని లేవలేకపోతోంది. ఆయన తాళం తీయించి, "రా తల్లీ, పక్కింటి దాకా" అన్నారు. ఆ నాలుగడుగులకే ఆమె ఆయాసపడింది.

"చూశారా!" అని మండిపడ్డాడు కూర్మనాథం.

ఆయన వినిపించుకోలేదు. ఆమెను ఇంటికి చేర్చి, తెల్లారి మళ్లీ వచ్చారు. అలసినప్పుడల్లా ఆపుతూ, ఓపిక చూసి ఇంకాస్త దూరం నడిపిస్తూ వచ్చారు.

మామిళ్లు కాపుకొచ్చే వేళకు, గున్నమ్మ కొండెక్కుతోందని ఎవరో చెప్పారు. ఆపుదామని కూర్మనాథం పరుగెత్తాడు. సగం దారిలోనే కాళ్లు వణికి, గుండె దడదడలాడి, ఓ బండ మీద కూలబడ్డాడు. గురువుగారితో పైనుంచి దిగివస్తున్న గున్నమ్మ నుదుటన చెమట ఉంది గాని ఊపిరి నెమ్మదిగానే ఉంది. తమ్ముడి రెక్క పట్టి లేపింది. జాలిపడుతుందనుకున్నాడు.

"నన్ను ముసలిదాన్ని కానివ్వనన్నావు. తీసుకెళ్లి మూలన కూర్చోబెట్టావు. ఒంట్లో ఏం పుడుతుందో పుస్తకాల్లో వెతికావు గాని, ఎలా ఉందప్పా అని నన్నొక్కసారైనా అడిగావట్రా?"

కూర్మనాథం గురువుగారి వైపు తిరిగి, "అయితే గురువుగారూ, ఆ నిప్పురవ్వల మాట అబద్ధమా?" అన్నాడు.

"అబద్ధమని నేనన్నానా?" ఆయన గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "పుట్టడం నిజమే. రోజూ కాసిన్ని పుట్టకపోతే వాటిని ఆర్పడం ఒంటికి ఎవరు నేర్పుతారో, అది మాత్రం నువ్వు అడగలేదు."