ముల్లంగి అత్త పిలుపు

చింతగుట్ట అడవిలో టవర్ లేచాక బొరియ బొరియకీ ఫోన్లు వచ్చేశాయి. దూదమ్మ అనే కుందేలు తన కూతురు జున్నుకీ ఒకటి కొనిచ్చింది. మొదట్లో తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని వీడియోలు చూసి నవ్వుకునేవారు. ఒకరోజు నక్క వేటాడే వీడియో కనబడి జున్ను హడలిపోయింది. ఆ పూట గడ్డి కూడా ముట్టలేదు.

దూదమ్మ ఆ ఫోన్ పట్టుకుని ముళ్లపంది దుకాణానికి పరుగెత్తింది. అడవిలో ఫోన్లు బాగుచేసేది అతనే.

"ఇందులో నక్క అనేదే కనబడకుండా చెయ్యి మావా."

"ఫిల్టర్ పెడతాలే. నక్క, తోడేలు, వేట, ఈ మాటలు ఎక్కడ కనబడినా ఆపేస్తుంది. చెడ్డ సైట్లు తెరుచుకోనివ్వదు. ఏదైనా ఆపితే నీ ఫోన్‌కి కబురు పెడుతుంది. కానీ దూదమ్మా, అది చూసేది అక్షరాలనే. ఎవరు ఏ ఉద్దేశంతో రాశారో దానికి తెలీదు."

"నాకు కాస్త ఊపిరాడితే చాలు మావా."

నిజంగానే ఊపిరాడింది. ఇక కూతురి పక్కన కూర్చోవడం మానేసి, ఇంటి పనిలో పడిపోయింది.

గుట్ట కింద ఉండే నక్కకి తన మెసేజ్‌లు జున్నుకి చేరడం లేదని అర్థమైంది. పేరు మార్చుకుంది. ముల్లంగి అత్త. ఫొటో కూడా ముల్లంగి మడిదే పెట్టుకుంది.

"బంగారూ, కాలవ గట్టు కింద నా తోట ఉంది. రేపు మధ్యాహ్నం రా. అమ్మకి చెప్పకేం? చెబితే పంపదు."

అందులో నక్క అన్న మాట లేదు, వేట అన్న మాట లేదు. ఫిల్టర్ దారి ఇచ్చింది. జున్ను మురిసిపోయింది.

మర్నాడు గట్టు మీద గుడ్లు పొదుగుతున్న తీతువు పిట్టకి పొదలో నక్క తోక కనబడింది. దూరంగా గెంతుకుంటూ వస్తున్న జున్నూ కనబడింది. గుడ్లు వదిలి లేవలేక గబగబా మెసేజ్ కొట్టింది: "రాకు జున్నూ! పొదలో నక్క ఉంది!"

బొరియలో దూదమ్మ ఫోన్ మోగింది. జున్నుకి వస్తున్న ఒక చెడ్డ మెసేజ్‌ని ఆపేశామని కబురు.

"ఎంత మంచి ఫిల్టరో!" అనుకుని దూదమ్మ మళ్లీ గడ్డి ఆరబోసుకుంది.

జున్ను ఆగకపోవడం చూసి తీతువు ఇక ఉండలేకపోయింది. గుడ్లను అలాగే వదిలేసి వచ్చి బొరియ ముందు వాలింది.

"కాలవ గట్టు కింద పొదలో నక్క ఉందని నీ కూతురికి మెసేజ్ పెట్టానమ్మా! అయినా పోతోందేంటి?"

ఆపేసిన మెసేజ్ ఏమిటో దూదమ్మకి అప్పుడర్థమైంది. గట్టు వైపు పరుగెత్తింది. దారిలో ముళ్లపందిని కేకేసింది. "మావా, గడ్డిలోంచి గలగలమంటూ నడువు. మిగతా పని నేను చూస్తా."

అప్పటికే జున్ను పొద ముందు నిలబడి ఉంది.

"ముల్లంగులేవి అత్తా?"

"లోపలున్నాయి తల్లీ. ఇంకొంచెం దగ్గరికి రా."

ఆ అత్తా అన్న పిలుపు చెవిన పడి దూదమ్మ వెనక నుంచి గొంతెత్తింది. "అత్తా! ఈ బక్కదాన్నొక్కదాన్నే పిలిస్తే ఎలా? బొద్దుగా ఉన్న పిల్లలందర్నీ తీసుకొచ్చా. అదిగో, గడ్డిలో వస్తున్నారు!"

గడ్డి ఊగింది. నక్క నోట్లో నీళ్లూరాయి. జున్నుని వదిలేసి అటు దూకింది. మూతి నిండా ముళ్లు దిగాయి. కుయ్యో మొర్రో అంటూ కాలవలో పడి, అవతలి ఒడ్డుకి ఈదుకుంటూ పోయింది.

తీతువు గుడ్ల దగ్గరికి ఎగిరిపోయింది. దూదమ్మ కూతుర్ని గుండెకి హత్తుకుంది.

"ఆ అత్త గురించి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఫోన్ లాక్కుంటావనుకున్నా." అంది జున్ను. "ఈమధ్య నువ్వు ఏం చూస్తున్నావని కూడా అడగట్లేదుగా అమ్మా."

దూదమ్మ జున్ను ఫోన్ తీసి ముళ్లపందికి అందించింది.

"ఫిల్టర్ తీసేయమంటావా?" అడిగాడు ముళ్లపంది.

"ఉండనీ మావా. తీతువు మెసేజ్‌లు మాత్రం ఆపకుండా చెయ్యి. మిగతాది దీన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేనే చూసుకుంటా."

నీతి: ఫోన్‌కి కాపలా పెట్టుకోవచ్చు గానీ, పిల్లలతో మాట్లాడే పనిని ఆ కాపలాకి అప్పగించకూడదు.