గాడిద గజ్జల్లో బిళ్ళ

చాకిరేవు గాడిద బూడిదయ్యకి నొప్పొస్తే ఊరంతా వినాల్సిందే. ఈసారి వెనక కాలికి తుమ్మముల్లు దిగింది. రెండ్రోజుల్లో కాలు బూరెలా పొంగి, గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ళ కట్టింది.

ఏడుపు విని నక్క జిత్తయ్య వచ్చాడు. గాడిద తన్ను రుచి తెలిసినవాడు కనక దూరంగానే నిలబడ్డాడు.

"నీ రోగమంతా ఆ బిళ్ళే మామా. కదిలితే అది గుండెకెక్కుతుంది. పొద చాటున పడుకో. తోక కూడా ఊపకు."

బూడిదయ్య పడుకున్నాడు. ముక్కు మీద ఈగ వాలినా ఊరుకున్నాడు. సాయంత్రానికి కాలు రోకలిబండైంది. ఇక పోతానేమోనని గుబులు పట్టుకుంది.

మేతకొచ్చిన మేక చెంగమ్మ సంగతంతా విని అడిగింది. "ఈ మందు నీ కాలికా, వాడి ఆకలికా?"

బూడిదయ్య నోరు తెరిచాడు. ఈలోగా ఆమె పళ్ళతో ముల్లు లాగేసింది.

"బడి వెనక పాఠం పుస్తకం నమిలాను తమ్ముడూ. మనుషుల గురించే, అయినా మనకీ సరిపోతుంది. నెత్తుట్లోంచి కొంత నీరు కండలోకి ఊరుతుంది. దాన్ని వెనక్కి చేర్చే సన్నటి గొట్టాలు వేరే ఉన్నాయి. నెత్తురుకైతే గుండె ఉంది. ఈ నీటిని ఎక్కువగా నీ కండలే పిండి పైకి తోయాలి. కదలకపోతే నిలిచిపోతుంది."

"మరి బిళ్ళ?"

"దారిలో కాపలా ఠాణా. ముల్లుతో వచ్చిన క్రిముల్ని అక్కడ పట్టుకుని ఉతుకుతున్నారు. గొడవ పెద్దది, అందుకే ఉబ్బింది. తర్వాతి పేజీ చేదుగా ఉంటే వదిలేశాను."

ఆ రాత్రంతా బూడిదయ్య పొద చుట్టూ కుంటుతూ తిరిగాడు. తెల్లారి జిత్తయ్య పెదాలు నాక్కుంటూ వచ్చాడు.

"వైద్యులుగారూ, ఈ బిళ్ళలు మెడలోనూ ఉంటాయటగా. తమకేం లేవు కదా?" అన్నాడు బూడిదయ్య.

జిత్తయ్య దవడ కింద తడుముకున్నాడు. బొమిక గుచ్చుకుని చిగురు వాచి ఉంది. వేలికి బఠాణీ గింజంత బిళ్ళ తగిలింది.

"పడుకోండి బాబూ. తోక కూడా ఊపకండి," అని బూడిదయ్య కుంటుకుంటూ ఇంటిదారి పట్టాడు.

జిత్తయ్య నిజంగానే పడుకున్నాడు. చెవిలో చీమలు దూరినా దులుపుకోలేదు. మధ్యాహ్నం రేవు కుక్క వచ్చి వాసన చూసింది.

"నన్ను కదిలించకు, గుండెకెక్కుతుంది," అని గొణిగాడు.

"కదిలించను. కరుస్తానంతే," అంది కుక్క.

అప్పుడు వాడు పెట్టిన పరుగుకి ఒంట్లో నీరంతా ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది.

పక్కవాడి భయంతో వైద్యం చేసేవాడికి తన భయానికి మందు దొరకదు.