ముత్యాలక్క ముఖం రంగు పొడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరిని ముస్తాబు చేయాలన్నా ముత్యాలక్కే చేయాలి. ముత్యాలక్క ఒక తెల్ల కొంగ. ఒంటికాలి మీద నిలబడి పని చేసేది. ఎంత శ్రద్ధో అని అందరూ మెచ్చుకునేవారు. రెండో కాలు బద్ధకమని కొందరు అనేవారు. అనేవాళ్ళ నోళ్ళు మనం మూయగలమా పిల్లలూ?

ముత్యాలక్క దగ్గర ఒక సొరబుర్ర ఉండేది. దాని నిండా తెల్లరాయి నూరిన మెత్తటి పొడి. బుర్ర మీద 'ముఖం రంగు' అని రాసి ఉండేది. ఎవరి ముఖం అని ఎవరూ అడగలేదు. కొత్త పొడి నూరినప్పుడల్లా ముత్యాలక్క తన మెడకు కాస్త రాసుకుని, నీళ్ళలో చూసుకునేది.

"అచ్చంగా సరిపోయింది! ఇక అందరికీ సరిపోతుంది" అనేది.

ఇంతలో వాన జాతర వచ్చింది. జాతరలో ఒకరు వానదేవత వేషం కట్టాలి. ఏనుగు మీద ఊరేగి, మైదానంలో దిగి ఆడాలి. ముఖానికి పొడి అద్దకుండా వానదేవత జనం ముందుకు రాకూడదని ఆచారం. ఆ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు. పొడి నూరేవాళ్ళే పెట్టి ఉంటారు.

ఆ ఏడాది వేషం ఇప్పమ్మకు దక్కింది. ఇప్పమ్మ పడుచు ఎలుగుబంటి. దాని అడుగు పడితే చెట్ల మీది కాయలు కూడా తాళం వేసేవి. కొన్ని రాలేవి కూడాను. చిన్నప్పటి నుంచి దానికి ఉన్నది ఒకటే కోరిక, ఒక్కసారైనా వానదేవతగా ఆడాలని.

జాతర పొద్దున ఇప్పమ్మ వచ్చి ముత్యాలక్క ముందు కూర్చుంది.

ముత్యాలక్క ఒక పూత పూసింది. ఇప్పమ్మ నీళ్ళలో చూసుకుంది. బూడిదలో పొర్లిన పిల్లి ఒకటి నీళ్ళలోంచి తనను చూస్తోంది.

"అక్కా, ఇది నాలా లేదే?"

"ఒక్క పూతకు ఏం తెలుస్తుందే? ఉండు" అని ముత్యాలక్క రెండో పూత దట్టంగా పూసింది. ఇప్పమ్మ పాపం నవ్వింది. ముఖమంతా ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది.

"నవ్వకు" అంది ముత్యాలక్క.

"వానదేవత నవ్వకపోతే వాన ఎలా వస్తుందక్కా?"

ముత్యాలక్కకు కోపం వచ్చింది. "నా పొడికి ఇన్నేళ్ళుగా వంక లేదు. నీ ముఖమే దారికి రావడం లేదు. ఏటి దగ్గరకు పోయి ఇసుకతో బాగా రుద్దుకుని రా!"

ఇప్పమ్మ వెళ్ళి రుద్దుకుంది. బుగ్గలు మండిపోయాయి. తన నలుపు మాత్రం ఇంత కూడా కదల్లేదు. తిరిగి వచ్చి మూడో పూత పూయించుకుంది. మంటకు కళ్ళలోంచి నీళ్ళు కారి పూత మీద చారలు కట్టాయి.

"అక్కా, నేను వేషం కట్టను. ఇంకెవరినైనా చూసుకోండి" అని ఇప్పమ్మ తల వంచుకుని పుట్టల వైపు వెళ్ళిపోయింది.

ఇదంతా కొమ్మ మీంచి సింగన్న చూస్తున్నాడు. సింగన్న కొండముచ్చు. ముఖం నిగనిగలాడే నలుపు, నోరు అంతకన్నా చురుకు.

"ముత్యాలక్కా! ఆ వేషం నాకిస్తావా?" అన్నాడు.

"నీ ముఖానికి నా పొడి నప్పదు."

"మరి అడవిపందికి?"

"నప్పదు."

"కప్పమ్మకు?"

సింగన్న చెట్టు దిగి, తడిసిన నల్లరేగడి మట్టి పిడికెడు తీసి, ముత్యాలక్క మెడకు చక్కగా పూశాడు.

"ఇది ముఖం రంగు పొడి అక్కా. మా ఇంట్లో అందరికీ సరిపోయింది."

ముత్యాలక్క నీళ్ళలో చూసుకుని కెవ్వుమంది. "ఛీ ఛీ! ఇది నేను కాదు!"

"ఇప్పమ్మ కూడా ఆ మాటే అంది. నువ్వు ఇసుకతో రుద్దుకోమన్నావు. ఏరు ఇటువైపు" అని సింగన్న దారి చూపించాడు.

ముత్యాలక్క ఆ మెడ కడుక్కోలేదు. మొదటిసారి రెండు కాళ్ళ మీదా నిలబడి ఆలోచించింది. తర్వాత నూరేరాయి చంకన పెట్టుకుని పుట్టల వైపు పరుగెత్తింది.

"ఇప్పమ్మా, తప్పు నాదే తల్లీ. నీ ముఖంలో లోపం లేదు, నా బుర్రలోనే ఉంది" అంది. సొరబుర్రో, మెడ మీది బుర్రో చెప్పలేదు. రెండింటికీ చెల్లుతుంది.

"ఇక రుద్దుకోమనవు కదా?"

"నువ్వు కూర్చో. రుద్దేది నేను, రాతి మీద."

పాత పూత తుడిచి, పుట్టమన్ను నూరింది. ఇప్పమ్మ బుగ్గ మీద రాసి చూసింది. మరీ ఎరుపు. కాస్త బొగ్గు కలిపింది. మరీ మసి. ఈసారి ఎండిన ఇప్పపూలు దంచి, చుక్క తేనె వేసి కలిపి పూసింది. పొడి ఎక్కడుందో, బుగ్గ ఎక్కడుందో తెలియలేదు. మబ్బు మీద ఎండ పడినట్టు ముఖం మాత్రం మెరిసింది.

ఇప్పమ్మ నీళ్ళలో చూసుకుంది. "అక్కా, ఇది నేనే!" అని నవ్వింది. ఒక్క నెర్రె కూడా లేదు.

మధ్యాహ్నం ఏనుగు మీద ఇప్పమ్మ ఊరేగింది. మైదానంలో దిగి ఆడింది. చూస్తూ చూస్తూ అడవిపంది కూడా తాళం తప్పకుండా చప్పట్లు కొట్టింది. అది ఎన్నడూ జరగని సంగతి. వాన ఆ రోజు పడలేదు, మూడో రోజు పడింది. దేవతకు దారిలో పని తగిలి ఉంటుంది.

జాతర మర్నాటి నుంచి ముత్యాలక్క గుమ్మం ముందు బారులు తీరారు. సింగన్నకు నిగనిగ నలుపు, కప్పమ్మకు ఆకుపచ్చ, జింకకు గోధుమరంగు, పాత తెల్లపొడి కుందేలుకు. ఎవరి పొడి వాళ్ళ బుగ్గ మీదే చూసి నూరేది. రెక్కలు నొప్పులని రోజంతా సణిగేది కాని, ఒక్కరినీ వెనక్కి పంపేది కాదు.

చివరికి ముళ్ళపంది వచ్చి, "నాకూ పూస్తావా అక్కా?" అని సిగ్గుపడుతూ అడిగింది.

ముత్యాలక్క దాన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఎందుకు పూయను? ముందు ఆ ముళ్ళు దించు. రంగు చూడటానికి బుగ్గ దొరకాలిగా!"

నీతి: ఎవరి రంగు వాళ్ళకు అందం, పొడి ముఖానికి తగ్గట్టు మారాలి గాని, ముఖం పొడికి తగ్గట్టు మారనక్కరలేదు.