మద్దిలేటి దాచుకున్న తుపాకి

గుండ్లకోనలో తెలివిగలవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే చాలు, మద్దిలేటి ఇంటివైపు వేలు చూపిస్తారు. చూపించేది మద్దిలేటే అనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఇంట్లో ముగ్గురు. మద్దిలేటి, పెళ్ళాం ఈరమ్మ, తమ్ముడు ఓబన్న. చెప్పిన మాట చెప్పినట్టు చేయడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని ముగ్గురికీ ఒకటే మురిపెం. ఎద్దులకు నీళ్ళు చూపించమంటే, ఓబన్న బిందె తెచ్చి వాటికి బాగా చూపించి, మళ్ళీ లోపలికి తీసుకుపోయే రకం. అదీ వాళ్ళ తెలివి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం. కొండ మీది కోనమ్మ తల్లి వెండి నగలు ఏడాదంతా ఊళ్ళోనే ఉంటాయి. జాతర నాడు పొద్దున్నే వాటిని పెట్టెలో పెట్టి, అడవి దారిన కొండకు చేరుస్తారు. తోడుగా తుపాకి ఉన్న మనిషి వెళ్ళాలి. పాత కాపలాదారుకు చూపు తగ్గిపోయింది. మద్దిలేటి ఊరి పెద్దల కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళ నాయన జీవితమంతా ఆ కాపలా కోసం అడిగి అడిగి, దక్కకుండానే పోయాడు. ఆ దిగులు కొడుక్కి అట్లాగే ఉండిపోయింది.

"సరే, ఈ ఏడు చూస్తాం. ఊరేగింపు అయ్యేదాకా నగలు భద్రంగా ఉంటే కాపలా మీ ఇంటిదే. పోయినాయో, మళ్ళీ మా గడప తొక్కొద్దు" అన్నారు పెద్దలు.

మిలిట్రీలో చేసి వచ్చిన జమేదారు ఖాదర్ సాబు మద్దిలేటికి లైసెన్సు ఇప్పించాడు. చిన్న పిస్తోలు చేతికిచ్చి కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది పట్టుకుని ఊరేగేది కాదురా. బట్టల కింద దాచుకోవాల. ఎవరి కంటా పడకూడదు. మూతి నేలవైపే ఉండాల. గుళ్ళు వేరు, తుపాకి వేరు. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టే అనుకోవాల. నీ ఒంటి మీద నుంచి క్షణం కూడా వదలొద్దు. అర్థమైందా?"

"అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినావు సాబూ" అన్నాడు మద్దిలేటి.

జాతర రోజు వచ్చింది. "ఎవరి కంటా అంటే మన కంట కూడా పడకూడదు కదా" అంది ఈరమ్మ. అంతే, ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. మద్దిలేటి తుపాకిని నడుముకు ఆనించుకున్నాడు, ఓబన్న పట్టుకున్నాడు, ఈరమ్మ తాడు చుట్టి ముడి మీద ముడి వేసి పైన పంచె కప్పింది. కళ్ళు తెరిచి చూస్తే ఇంకేముంది, తుపాకీతో పాటు ఓబన్న చెయ్యి కూడా కట్టేసి ఉంది. విప్పితే తుపాకి కనబడుతుందాయె. ఓబన్న నానా తిప్పలు పడి చెయ్యి లాక్కున్నాడు. కడియం లోపలే ఉండిపోయింది. పోతే పోయిందిలే, తుపాకి కనబడలేదు కదా అని సంతోషించారు.

తర్వాత గుళ్ళ సంగతి. "నా సంచీలో వేసుకుంటా, అన్నా" అన్నాడు ఓబన్న.

"పక్కపక్కనే నడిస్తే వేరెట్టా అవుతుందిరా?"

అదీ నిజమే అనిపించింది. వెంటనే ఓబన్న గుళ్ళు తీసుకుని బస్సెక్కి, అడవికి పూర్తిగా అవతలి దిక్కున ఉన్న వదినగారి పుట్టింటికి నంద్యాల వెళ్ళిపోయాడు.

"ఇంత ముద్ద తిని బయల్దేరతానే" అన్నాడు మద్దిలేటి. ఈరమ్మ ఖాళీ కుండ తెచ్చి ముందు పెట్టింది. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టే అనుకోమన్నాడు కదా సాబు, మంచి మాట తుపాకికొకటీ కుండకొకటీ ఉంటుందా అని ఆమె వాదన. మద్దిలేటి కాదనలేకపోయాడు. కూర్చుంటే తుపాకి మూతి పెళ్ళాం వైపు తిరుగుతుందని నిలబడే గరిటెడు గాలి తిన్నాడు. ఇంకాస్త వెయ్యనా అంటే చాలు చాలన్నాడు.

మొగుడూ పెళ్ళాం పెట్టెతో, దారిలో ఆకలేస్తే ఉంటుందని ఆ కుండతో అడవిలో పడ్డారు. నడి అడవిలో దుడ్డుకర్రతో ఒక దొంగ అడ్డం వచ్చాడు.

"పెట్టె ఇట్లా ఇయ్యి."

"నా దగ్గర తుపాకి ఉంది, జాగ్రత్త" అన్నాడు మద్దిలేటి.

"ఏదీ, చూపించు."

"నువ్వు కళ్ళు మూసుకో, చూపిస్తా."

దొంగ ఇట్లాంటి బేరం ఎన్నడూ వినలేదు. పెట్టె లాక్కుని, తుపాకి కూడా ఇమ్మన్నాడు. "ఇది నా ఒంటి మీద నుంచి పోకూడదు. కావాలంటే నన్ను కూడా తీసుకుపో" అన్నాడు మద్దిలేటి. దొంగ తాడు పట్టి లాగాడు. ఈరమ్మ వేసిన ముళ్ళు విప్పడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. విసుగొచ్చి పెట్టె ఒక్కటే తీసుకుని పోతుంటే, వీళ్ళిద్దరూ వెంటపడ్డారు. దొంగ పరిగెత్తితే పరిగెత్తారు, ఆగితే ఆగారు. అలిసిపోయి కూలబడితే, "పాపం, ఎప్పుడు తిన్నావో నాయనా" అని ఈరమ్మ కుండలోంచి గరిటెడు గాలి వడ్డించి, నిండుగా ఉందనుకో అంది. "నువ్వు కూర్చున్న చోట నుంచి జరుగు, నేను వంగితే మూతి నీ వైపు తిరుగుతుంది" అని మద్దిలేటి ఒకటే పోరు.

కొండ పాదం దాకా భరించాడు పాపం ఆ దొంగ. చివరికి పెట్టె మద్దిలేటి నెత్తిన పెట్టి, "మీ కాళ్ళు మొక్కుతా, నన్ను వదిలేయండి" అని జనంలో కలిసిపోయాడు.

గుడి పక్క గదిలో ఖాదర్ సాబు పెట్టె తెరిచి చూశాడు. నగలన్నీ ఉన్నాయి. మద్దిలేటి భుజం తట్టి భేష్ అన్నాడు. మద్దిలేటికి నాయన గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకెంత, సాయంత్రం ఊరేగింపు దాకా ఈ గది కాస్తే చాలు.

"సాబూ, పొద్దున గట్టిగానే తిన్నా గానీ ఎందుకో కడుపు కాలుతోంది" అన్నాడు.

"పోయి తిని రా. కానీ నీ బదులు ఎవర్నిబడితే వాళ్ళని నిలబెట్టొద్దు. దొంగలు ఎట్లా ఆలోచిస్తారో కాపలావాడికి తెలియాల. దొంగలాగా ఆలోచించగలిగినవాణ్ణి చూసి పెట్టు" అని చెప్పి సాబు పెద్దలను పిలవడానికి వెళ్ళాడు.

మద్దిలేటి గదికి తాళం వేసి జాతరంతా వెతికాడు. ఒక్కొక్కరినే ఆపి నువ్వు దొంగలాగా ఆలోచిస్తావా అని అడిగితే తిట్టి పంపించారు. ఆఖరికి బజ్జీల బండి దగ్గర పొద్దుటి దొంగ కనిపించాడు. పారిపోబోతుంటే చెయ్యి పట్టుకుని బతిమాలి తీసుకొచ్చి, గదిలో కూర్చోబెట్టి, తాళంచెవి చేతిలో పెట్టాడు.

"నన్నా?" అన్నాడు దొంగ.

"నీకంటే తగినవాడు ఈ కొండ మీద లేడు" అన్నాడు మద్దిలేటి. ఈరమ్మ కూడా అవునంది. ఇద్దరూ వెళ్ళి కడుపారా చిత్రాన్నం తిన్నారు.

వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. తల్లి పల్లకీ సిద్ధంగా ఉంది. గది తలుపు బార్లా తెరిచి ఉంది. పెట్టె లేదు. పెద్దలందరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"ఎవర్ని పెట్టినావురా కాపలాకు?" అని అరిచాడు సాబు.

"నువ్వు చెప్పినట్టే, దొంగలాగా ఆలోచించేవాణ్ణే పెట్టినా సాబూ."

"మరి వాడేడిరా?"

మద్దిలేటి గదిలోకి తొంగి చూశాడు. మంచం కింద చూశాడు. తలుపు వెనక చూశాడు. అంతలోనే సంగతి తట్టి ముఖం విప్పారింది.

"ఇప్పుడు ఆలోచిస్తున్నట్టున్నాడు సాబూ."

"చూసినారా" అంది ఈరమ్మ పెద్దల వైపు తిరిగి, "మనిషిని ఎంచడంలో మా ఆయన ఎప్పుడూ పొరబడడు."