పసుపు రోట్లో రెండు పోట్లు

చెప్పడంలో ముందూ వెనకా అయితే కావచ్చు అమ్మడూ, కథ మాత్రం ఇదే.

అనగనగా అనే మాట ఇంకా పుట్టనప్పుడు, ఏటి ఒడ్డున ఒక చిన్న పేట. ఆ పేటలో గవరమ్మ, సన్యాసమ్మ అని ఇద్దరు నేస్తాలు. ఏడేళ్ల వయసు నుంచీ ఒకే రోట్లో రెండు రోకళ్లు. ఒకటి లేస్తే ఒకటి పడేది. వడ్లు దంచారు, కారం దంచారు, ప్రతి పెళ్లికీ పసుపు దంచారు. దంచినంతసేపూ తగవే.

సన్యాసమ్మకు ముందుపన్ను లేదు. పోటు వేసినప్పుడల్లా "సుయ్"మని ఈల వచ్చేది.

"ఏటే, పామనుకుని జనం పారిపోతన్నారు!" అనేది గవరమ్మ.

"నీ మొగం చూసే పారిపోతన్నారు!" అనేది సన్యాసమ్మ.

తల నెరిశాక గవరమ్మకు చూపు పోయింది. అప్పుడే నాయుడుగారింట పెళ్లి వచ్చింది. పెళ్లిపసుపులో రోకలికి రోకలి తగిలితే అపశకునమని ఆ పేట నమ్మకం.

"చూపులేనిదానికి రోకలివ్వను. సన్యాసమ్మా, నువ్వు వేరే జోడు చూసుకో" అంది నాయుడుగారి భార్య.

గవరమ్మ గుండె రోట్లో పడ్డట్టయింది. రోకలి పోతే కూలి పోతుంది. కూడు పోతుంది. పక్కన నేస్తం పోతుంది.

"మూడు వాయలు చూడండమ్మగారూ. ఒక్క పాలి తగిలినా ఇద్దరం ఎల్లిపోతాం" అంది సన్యాసమ్మ.

"సరే. దానికి మాటసాయం మాత్రం చెయ్యకూడదు."

మొదటి వాయ దంచారు. సుయ్, ధన్. సుయ్, ధన్. తగల్లేదు.

రెండో వాయ దంచారు. సుయ్, ధన్. సుయ్, ధన్. తగల్లేదు.

మూడో వాయకు సన్యాసమ్మ కొంగుతో తన కళ్లకూ గంతలు కట్టేసుకుంది. చుట్టాలు పిల్లల్ని వెనక్కి లాగారు. సుయ్ వినగానే గవరమ్మ పోటు. ధన్ వినగానే సన్యాసమ్మ పోటు. పసుపు మెత్తగా నలిగింది గానీ రోకళ్లు మాత్రం తగల్లేదు.

"ఆ ఈల సాయం కాదుటే?" అంది నాయుడుగారి భార్య.

"పన్ను పెట్టించండమ్మా, మానేత్తాను!"

ఆవిడకే నవ్వాగలేదు. పెళ్లికూతురికి మొదటి పసుపు గవరమ్మ చేతే రాయించింది. ఆ చేయి రోకలి వదిలింది చచ్చిపోయిన రోజునే.

ఇప్పటికీ ఆ పేటలో పెళ్లిపసుపు దంచితే మొదటి మూడు పోట్లకూ ఇద్దరూ కళ్లు మూసుకోవాలి. నోట్లో పళ్లన్నీ ఉన్నా సరే, సుయ్‌మని ఈల వెయ్యాలి. చుట్టూ ఉన్నవాళ్లు "గవరమ్మా, నీ పోటే!" అని అరవాలి.

అమ్మడూ, చూపు పోయింది గవరమ్మకేనా, సన్యాసమ్మకా? మీ చిన్నత్తనడిగి పేర్లు ఒకసారి సరిచూడు. ఈల మాత్రం నాకు బాగా గుర్తు.