చెవిలో చెప్పిన గెలుపు

గుండ్లవాగు అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ఉడుతలు, అడవిపందులు ఉండేవి. ఏరు దాటితే పెద్ద ఇసుక తిన్నె. చలికాలం రాగానే ఐరోపా మంచు సరస్సుల నుంచి బాతులు ఎగిరొచ్చి ఆ తిన్నె మీద వాలేవి. అవి మంచుకోట, నీలికొలను అని రెండు క్లబ్బులుగా విడిపోయి వెలగకాయతో బంతాట ఆడేవి.

మొదట్లో జంతువులు ఊరికే చూసి, కేరింతలు కొట్టి, ఇళ్ళకు పోయేవి. ఆ సరదాలోకి నక్క ధీమారావు దూరాడు. పందేలు మొదలుపెట్టాడు. ఓడినవాళ్ళ తిండిలో సగం గెలిచినవాళ్ళకు, సగం ధీమారావుకు. దుంపలు తవ్వి గోళ్ళు అరగదీసుకునేది ఒకరు, కూర్చుని మింగేది ఇంకొకరు!

ఆ అడవిలోనే జీలుగు అనే ముంగిస ఉండేది. అన్యాయం చూస్తే ఆమె తోక నిక్కబొడుచుకునేది. సూదయ్య అనే ముళ్ళపందితో కలిసి ఆమె ఒక బొరియ తవ్వుకుంది. ఒక అరలో సూదయ్య సంసారం, రెండో అరలో జీలుగు పిల్లలు.

ఆఖరి ఆటకు ముందురోజు ధీమారావు ఏటి ఒడ్డున ఉన్న బండ ఎక్కాడు.

"వినండి! మంచుకోటవాళ్ళు ఈ చలికాలం ఒక్క ఆటా ఓడలేదు. కానీ వాళ్ళ గోలు కాసే బాతుకు కాలు బెణికింది. నీలికొలనుకు కొత్తగా ఒక కుర్రబాతు వచ్చాడు, ఎడమవైపు నుంచి గాలిలా దూసుకుపోతాడు. కానీ ఎదురుగాలి వీస్తే వాడు చతికిలబడతాడు. గెలుపు ఎవరిదో నాకు తెలుసు. ఒక్కొక్కరే రండి, చెవిలో చెబుతా. పక్కవాడికి చెప్పారో, మీ లాభమే తగ్గుతుంది!"

అందరూ ఎగబడ్డారు. సూదయ్య కళ్ళు మెరిపిస్తూ ఇంటికొచ్చాడు.

"చెల్లీ, పందేల్లో మన దుంపలన్నీ పోయాయి కదా! రేపు బొరియ పందెం పెడుతున్నా. దెబ్బకు అన్నీ తిరిగొస్తాయి."

"నా పిల్లలు పడుకునే అర కూడానా అన్నా?"

"ఓడితే కదా! ధీమారావు నాకొక్కడికే చెప్పాడు."

"ఏమని?"

సూదయ్య అటూ ఇటూ చూసి గొణిగాడు. "మంచుకోట."

మర్నాడు పొద్దున్నే జీలుగు ఏరు ఈది తిన్నె చేరింది. మంచుకోట నాయకురాలిని అడిగింది.

"అమ్మా, మీ గోలు కాసే బాతు కాలెలా ఉంది?"

"కాలికేమైంది? అదిగో, గంతులేస్తున్నాడుగా!"

"మరి ఇవాళ గెలిచేదెవరు?"

బాతులన్నీ ఘొల్లున నవ్వాయి. "మాకే తెలియదు తల్లీ. తెలిస్తే ఇంత దూరమొచ్చి ఆడటం దేనికి?"

తిరిగొస్తుంటే ఒడ్డున దుప్పి ఎదురైంది. "జీలుగూ, రేపటి నుంచి నా దర్జా చూడు! నీలికొలనే గెలుస్తుంది. ధీమారావు నాకొక్కదానికే చెప్పాడు. ఎవరితో అనకేం!"

జీలుగు నిలబడిపోయింది. సగంమందికి ఒక పేరు, సగంమందికి రెండో పేరు! ఎవరు గెలిచినా సగం అడవి ధీమారావును పొగుడుతుంది. మిగతా సగం సిగ్గుతో నోరు మూసుకుంటుంది.

పందేలు కట్టే వేళయింది. సూదయ్య బొరియకు గుర్తుగా తన ముల్లు పీకి ధీమారావుకు ఇవ్వబోయాడు.

"ఆగన్నా!" జీలుగు బండ మీదికి దూకింది. "తవ్వినవారిదే బొరియ! కష్టపడినవారిదే తిండి! నక్క మీ చెవిలో చెప్పిన పేరు అందరూ ఒక్కసారిగా అరవండి. నిజమైతే ఒకటే పేరు వినిపిస్తుంది."

"లాభం తగ్గుతుందేమో..." అని అడవిపంది నసిగాడు.

"ఏ లాభం మామా? పోయిన చలికాలం నీ కొట్టు నిండుగా ఉండేది. ఇప్పుడేముంది అందులో?"

అడవిపంది తల దించుకున్నాడు. మరుక్షణం గట్టిగా అరిచాడు. "నీలికొలను!"

"మంచుకోట!" అన్నాడు సూదయ్య అదిరిపడి.

"మంచుకోట!" "నీలికొలను!" అడవంతా రెండుగా మోగింది. తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ధీమారావు నీళ్ళు నమిలాడు. "అంటే... ఎవరి జాతకాన్ని బట్టి వాళ్ళకు..."

"బాతుల ఆటకు నా జాతకం ఎందుకురా?" అన్నాడు అడవిపంది. అందరూ పగలబడి నవ్వారు.

"నీకంత తెలిస్తే నీ గుహ పందెం కట్టు. ఏ క్లబ్బు మీద?" అంది జీలుగు.

ధీమారావు తిన్నె వైపు చూశాడు, గుహ వైపు చూశాడు. బండ దిగి ఒకటే పరుగు! అడవంతా వాణ్ణి కొండ అవతలి దాకా తరిమి, గుహలో దాచిన తిండి బయటికి లాగి, ఎవరిది వాళ్ళకు పంచింది.

"చెల్లీ, నీ పిల్లల్ని వీధిన పడేయబోయాను," అన్నాడు సూదయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏడుపు తర్వాత అన్నా. ముందు దుంపలు బొరియలో పెట్టు. అవతల ఆట మొదలైపోతోంది!"

ఆ సాయంత్రం ఏటి ఒడ్డున ఎవరి ఇల్లూ పందెంలో లేదు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కరూ రెప్ప వేయలేదు. వెలగకాయ ఏ గోలులో పడినా అడవంతా ఒక్క గొంతుతో కేక వేసింది.

నీతి: రేపటి గెలుపును చెవిలో అమ్మేవాణ్ణి నమ్మితే ఉన్న ఇల్లు పోతుంది. ఆ మాటను పదిమందిలో పైకి అంటే వాడి మోసమే పోతుంది.