నోరు మూస్తే తోట పోతుంది

గుమ్మడిపేటలో గవరమ్మ, ఆమె తమ్ముళ్ళు ఎర్రినాయుడు, అప్పలకొండ కలిసి ఉండేవారు. ముగ్గురికీ తమ తెలివంటే ఎంత గర్వమో చెప్పలేను. ఎండలోకి వెళ్తే తెలివి ఆవిరైపోతుందని నెత్తిన తడిగుడ్డ కప్పుకునేవారు. ముసురు పడితే తెలివికి చెమ్మ పడుతుందని పొయ్యి దగ్గర తల కాచుకునేవారు.

"మన తెలివి ఊరందరికీ పంచినా మనకింకా కుండెడు మిగుల్తాదిరా," అనేది గవరమ్మ.

వాళ్ళకో మల్లెతోట ఉంది. దానిమీదే బతుకు. ఒకరోజు పొద్దున్నే మొగ్గలు కొయ్యడానికి వెళ్తే, తోటని ఆనుకున్న ఖాళీ జాగాలో ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. పక్కన పట్నం ఇంజినీరు పరమేశం నిలబడి ఉన్నాడు.

"పట్నం మురుగునీళ్ళు శుద్ధి చేసే కేంద్రం ఇక్కడే కడుతున్నాం," అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి పిల్లలూ. మురుగు శుద్ధి చెయ్యడం చెడ్డపనేం కాదు. మనం స్నానం చేసిన నీళ్ళూ, దొడ్లో పోసిన నీళ్ళూ ఎక్కడో ఒకచోట తేరాలి కదా? ఆ కేంద్రం ఉండాల్సిందే. కాకపోతే ఎవరి ముక్కు పక్కన పెడుతున్నామో వాళ్ళని ముందు అడగాలి. అర్థమైందా? ఇప్పుడు పదండి.

"మల్లెల పక్కన మురుగేటి బాబూ? ఆ కంపుకి నా పూలెవరు కొంటారు? మమ్మల్ని అడిగారా?" అంది గవరమ్మ.

"చాటింపు వేయించాం కదమ్మా. ఒక్కరూ నోరు మెదపలేదు."

"ఎక్కడ వేయించారు?"

"మా ఆఫీసు వరండాలో. నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టే, అది మా రూలు. గురువారం మళ్ళీ వస్తా. అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే పని మొదలు," అని జీపెక్కి వెళ్ళిపోయాడు.

అంతే. ముగ్గురూ గట్టు మీద చతికిలబడ్డారు.

"అప్పా, అంటే మనం నోరు మూసిన మరుక్షణం తోట పోయినట్టే!" అన్నాడు ఎర్రినాయుడు అక్కతో.

"అయితే మూయకండి!" అంది గవరమ్మ.

ఇంకేముంది, ఆపకుండా మాట్లాడ్డం మొదలుపెట్టారు. "ఇది గోడ. ఇదీ గోడే. ఈ గోడకి ఆ గోడ ఏమవుతాది? తోడికోడలు." అంబలి తాగబోతే పెదాలు కలవకూడదు కదా, తాగిందంతా గడ్డం మీంచి కారి బొజ్జ తడిసింది. నిద్రలో నోరు మూతపడుతుందని ఎర్రినాయుడు నోట్లో వంకాయ కుక్కుకున్నాడు.

"నోరు తెరుచుకుంది గానీ మాటేదిరా?" అని గవరమ్మ మొట్టింది.

"వం... వం..." అన్నాడు.

"సరే, అదైనా అను!"

మూడోరోజు సాయంత్రం అప్పలకొండ పెరట్లోంచి కేకేశాడు. "అప్పా! కొంప మునిగింది! గేదె నోరు మూసుకుని నెమరేస్తోంది! మనకి చెప్పకుండా ఒప్పేసుకుంది!"

"దొంగముండ! అరిపించండిరా!"

తోక మెలిపెట్టారు. గేదె అరిచింది. అరిచి ఊరుకుందా? తాడు తెంచుకుని మల్లెతోటలో పడి ఒక సాలంతా తొక్కేసింది.

"పోతే పోయింది, మన పక్షాన మాట్లాడింది," అని ముగ్గురూ సంతోషించారు.

మర్నాడు గురువారం. పైగా ఏకాదశి. పక్కింటి సన్యాసప్పడు తాత ఏకాదశినాడు మౌనవ్రతం పడతాడు. అరుగు మీద కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని కూర్చున్నాడు. అప్పలకొండ చూశాడు.

"ఓరి తాతో! ఊరిని అమ్మేస్తన్నావా?"

తాత పలకలేదు. అంతే, చక్కిలిగింతలు పెట్టారు. తాత బిగబట్టాడు. మీసం లాగారు. అప్పటికీ బిగబట్టాడు. గవరమ్మ చెంబెడు చన్నీళ్ళు తెచ్చి నెత్తిన కుమ్మరించింది.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! నలభై ఏళ్ళ వ్రతం చెడగొట్టారు కదరా!" అని తాత లేచి చేతికర్ర అందుకున్నాడు.

"తాత అభ్యంతరం చెప్పేశాడు!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఆ గోలకి ఊరంతా బయటికొచ్చింది. మూడ్రోజులుగా వీళ్ళ వాగుడుకి ఎవరికీ కంటిమీద కునుకు లేదు మరి. "ఆపండి! మేం భరించలేం! ఇంక ఒప్పుకోం!" అని అందరూ ఒక్కసారి వీళ్ళ మీద విరుచుకుపడ్డారు. సరిగ్గా అప్పుడే పరమేశం జీపు వచ్చింది.

"అమ్మో, ఇంత వ్యతిరేకతా!" అని ఆయనకి చెమటలు పట్టాయి. గబగబా జెండాలు పీకించాడు. "శాంతించండి! ఇక్కడ కట్టం! అటు చవిటిదిబ్బ మీద కట్టుకుంటాం. అక్కడ అడ్డు చెప్పడానికి పురుగు కూడా లేదు," అన్నాడు.

చూశారా, తోట బతికింది. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కానీ గవరమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటిరా, ఆ దిబ్బనీ అడగలేదన్నమాట! పాపం, నోరు లేనిది. మన తెలివి ఇంకెందుకురా?"

ఇంకేముంది, చాపా, కుండా, గేదె, అన్నీ తోలుకుని చవిటిదిబ్బ మీద కాపురం పెట్టారు. పరమేశం జెండాలు దింపుకునేసరికి ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు.

"ఒప్పుకోం!"

"మీ తోట దగ్గర మానేశాను కదమ్మా! ఇక్కడ మీకేం పని?"

"దిబ్బ తరఫున వచ్చాం బాబూ. అడక్కుండా దాని నెత్తిన మురుగు పోస్తారా?"

పరమేశం తల పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అయితే మీ మల్లెతోట దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"ఎవరున్నారు బాబూ? అందరం ఇక్కడే!" అంది గవరమ్మ గర్వంగా.

"మరి మీ ఊరివాళ్ళు?"

"మేం లేచొచ్చాం కదా, మూడ్రోజుల నిద్ర ఒక్కసారే తీర్చుకుంటన్నారు. ఊళ్ళో చిటుక్కుమంటే ఒట్టు!"

పరమేశం గబుక్కున జీపెక్కి మల్లెతోట వైపు తిప్పాడు. జీపు మలుపు దగ్గర తడబడి ఆగింది.

"అయ్యో, దారి మర్చిపోయినట్టున్నాడు. అప్పలకొండా, పరిగెత్తి తోట చూపించరా," అంది గవరమ్మ. "ఆ జెండాలు కూడా నువ్వే పట్టుకో, పెద్దమనిషి మొయ్యలేడు. చప్పుడు చెయ్యకు, ఊరు లేస్తాది!"

అప్పలకొండ జెండాలు భుజానేసుకుని, మునివేళ్ళ మీద, జీపుకి ముందు పరుగుతీశాడు.